బిడ్డ మీద నెపం

చీర రంగు వెలిస్తే కొట్టువాణ్ణి తిట్టుకుంటూ నలుగురికీ చెబుతాం. మేస్త్రీ గోడ వంకరగా లేపితే గృహప్రవేశానికి వచ్చినవాళ్లకే చూపిస్తాం. పెళ్లిలో పప్పు మాడిందన్న మాట మనవడి పెళ్లిదాకా బతికే ఉంటుంది. కానీ డబ్బు పోసి, కోరి చేయించుకున్న ఆపరేషన్ బాగా రాలేదని చెప్పుకున్న ఆడమనిషి నాకు ఎక్కడా తారసపడలేదు. మా పిన్ని కూతురు కూడా చెప్పలేదు, రెండో కాన్పు అయ్యేదాకా.

ఆమెకు తొలి కాన్పులో కవలలు. ఇద్దరు పెరిగిన పొట్ట మరి వెనక్కి పోలేదు. నిలువుగా ఉండే రెండు పొట్ట కండరాల మధ్య సందు పడింది, చర్మం వదులై కిందికి జారింది. పిల్లలు బడికి పోయే వయసు వచ్చినా బస్సులో ఎవరో ఒకరు లేచి సీటు ఇచ్చేవారట. "కూర్చునేసేదాన్ని అక్కా, కాదని చెప్పడం ఇంకా సిగ్గు" అంది. ఇక పిల్లలు చాలనుకున్నాక హైదరాబాదులో టమ్మీ టక్ చేయించుకుంది.

పేరు ముద్దుగా ఉంది గానీ పని చిన్నది కాదు. పొత్తికడుపు కింద ఒక తుంటి నుంచి రెండో తుంటిదాకా కోసి, చర్మాన్ని కొవ్వుతో సహా పక్కటెముకల దాకా లేపుతారు. విడిపోయిన కండరాలను మధ్యగీత వెంట దగ్గరికి లాగి కుడతారు. లేపిన చర్మాన్ని కిందికి లాగి, మిగులు కోసేస్తారు. బొడ్డు మాత్రం తన కాడ మీద ఉన్నచోటే ఉంటుంది. దిగివచ్చిన చర్మంలో కొత్త రంధ్రం చేసి దాన్ని బయటికి తీస్తారు. అంటే ఆ తర్వాత బొడ్డు చుట్టూ ఉండేది అంతకుముందు పైపొట్ట మీద ఉన్న చర్మమన్నమాట. ఈ సంగతి తెలిసిన రోజున నేను గదిలోకి వెళ్లి నా బొడ్డు కేసి కాసేపు చూసుకున్నాను.

ఈ కోతను బాగా కిందికి దించి, ఈతదుస్తుల మాటున దాగేలా చేసినవాళ్లలో బ్రెజిల్ సర్జన్ ఇవో పిటాంగీ పేరు ముందు చెబుతారు. 1967లో ఆయన 300 మంది పొట్ట ఆపరేషన్ల మీద వ్యాసం ప్రచురించాడు. ధనవంతుల ముఖాలు దిద్దిన ఆ చేతులతోనే రియోలోని శాంటా కాసా ఆసుపత్రిలో పేదల కోసం ఒక వార్డు కూడా నడిపాడు. పేదవాళ్లకి తిండి చాలదా, పొట్ట అందం ఎందుకని ఆయన అడగలేదు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

అక్కడ మచ్చ దాగాల్సింది బికినీలో. మా చెల్లెలికి మచ్చ వచ్చింది సరిగ్గా లంగా బొందు ముడి పడే చోట. చీర కట్టిన ప్రతిసారీ రాపిడి, దురద. మచ్చ రెండు కొసల్లో, తుంటి మీద, చర్మం మడతపడి బుడిపెల్లా నిలిచింది. డాగ్ ఇయర్స్ అంటారట వాటిని. బొడ్డు కొంచెం పక్కకి. అన్నం తిని లేస్తే పైపొట్ట ఎప్పటిలాగే ముందుకు. కింద చదును, పైన మిట్ట.

అయినా నోరు మెదపలేదు. ఎలా మెదుపుతుంది? "నిన్నెవరు చేయించుకోమన్నారు?" అన్న ప్రశ్న వీధిగుమ్మం దగ్గరే కూర్చుని ఉంటుంది. డబ్బు కట్టిన భర్త ఉన్నాడు. అందం కోసం చేయించుకునే వాటికి బీమా రాదు. పురిట్లో పాతచీర చింపి బిగించిన పొట్టకట్టును తను ఎన్నాళ్లు ఉంచుకుందో, కోడలు ఎన్నాళ్లకి విప్పేసిందో లెక్క చెప్పే అత్తగారు ఉంది. ఆ కట్టు నడుముకి ఆసరా, కాదనను. ఇద్దరు బిడ్డలు సాగదీసిన చర్మాన్ని అది వెనక్కి లాగలేదు.

నాకు విడ్డూరంగా తోచేది ఇంకొకటి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. దేశం మొత్తం మీద 21.5 శాతం. అన్నీ అవసరమై చేసినవే అంటే నమ్మడం కష్టం. ముహూర్తం చూసి కోయించుకున్న ఇళ్లు నాకే తెలుసు. ఆ కోతను ఎవరూ తప్పుపట్టరు. బిడ్డ కోసం పొట్ట కోయించుకోవచ్చు, తన కోసమైతే సంజాయిషీ చెప్పుకోవాలి.

అనుకోకుండా మూడోవాడు కడుపున పడ్డప్పుడు చెల్లెలికి పట్టుకున్న భయం లోపలి కుట్లు తెగుతాయని. తెగి ప్రమాదం తెచ్చేవి కావని, ఈ ఆపరేషన్ తర్వాత మామూలుగా నెలలు నిండి కన్నవాళ్లు చాలామంది ఉన్నారని, సరిచేసిన పొట్ట మాత్రం మళ్లీ వదులు కావచ్చని డాక్టరమ్మ చెప్పింది. సిజేరియన్ అని తేలగానే మా పిన్ని, "ఎలాగూ కోస్తున్నారుగా, పనిలో పని ఆ పొట్ట కూడా సరిచేసేయమనండి" అంది. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. అప్పటికి సాగి ఉన్న చర్మం ఎంత వెనక్కి పోతుందో తెలియదు, రక్తస్రావం, చీము పట్టే భయం వేరే.

కాన్పయ్యాక చెల్లెలికి మాటలొచ్చాయి. మచ్చ సంగతి, బుడిపెల సంగతి, పైపొట్ట సంగతి అన్నీ బయటపడ్డాయి. "వీడు పుట్టాక మళ్లీ పాడైంది" అంటే ఇంట్లో అందరూ తలూపారు. ఎవరు చేయించుకోమన్నారని ఎవరూ అడగలేదు. ఏడాదిన్నర వాడు, మొదటి సర్జన్ చేసిన వంకరకి తనని బాధ్యుణ్ణి చేశారని తెలియక, పాకుతూ పోయి చెప్పులు నోట్లో పెట్టుకుంటున్నాడు.

కొత్త సర్జన్ దగ్గరికి నేనూ తోడు వెళ్లాను. పైకి వచ్చిన మచ్చను కిందికి దించాలంటే, దాని కింది చర్మం తీసేసి పైచర్మాన్ని కిందికి లాగాలి. లాగడానికి పైన వదులు ఉండాలి. మొదటి ఆపరేషన్ అయిన ఏడాదికే వచ్చి ఉంటే ఏమీ చేయలేకపోయేవాణ్ణి, బట్ట చాలని జాకెట్టులా ఉండేది అన్నాడాయన. ఇప్పుడు కుదురుతుంది, చర్మాన్ని మూడోవాడు సాగదీసిపెట్టాడు కనక. తప్పంతా మోస్తున్నవాడే దిద్దుబాటుకి దారి ఇచ్చాడని విని నేను నవ్వాను. చెల్లెలు నవ్వలేదు.

తర్వాత ఆయన పాత కాగితాలు అడిగాడు. డిశ్చార్జి సమ్మరీలో ఆపరేషన్ పేరు, తేదీ, మందుల చీటీ తప్ప ఏమీ లేదు. కండరాలు కుట్టారా, కుడితే బొడ్డు పైదాకా కుట్టారా, ఏ దారంతో? స్కాన్‌లో సందు కనబడుతోంది. అది కాన్పులో మళ్లీ పడిందో, అసలు మొదట మూయనే లేదో స్కాన్ చెప్పదు. తన పొట్ట తెరిచి ఏం చేశారో ఆమెకే తెలియదు. నాకు కోపం వచ్చింది ఇక్కడ, మచ్చ దగ్గర కాదు.

పిల్లాడు పాలు మానిన తర్వాత కొన్ని నెలలు ఆగి, బరువు నిలకడగా ఉన్నప్పుడు రమ్మన్నారు. చేయించుకున్నాక కొన్నాళ్లు నడుము వంచి నడవాలి, ఆరు వారాల దాకా బరువులెత్తకూడదు, అంటే వాణ్ణి కూడా. వాణ్ణి ఎత్తుకోవడానికి అత్తగారు వస్తానంది, అడగకుండానే. ఇదంతా మనవడి వల్ల వచ్చిన కష్టమని నమ్మబట్టే వస్తోంది. ఆ నమ్మకాన్ని చెల్లెలు చెదరగొట్టదు, నేనూ చెదరగొట్టమనను.

ఈసారి అడగాల్సినవి ఫోన్‌లో రాసుకుంది. చీర కట్టుకుని వస్తాను, బొందు ముడి పడే చోట ముందే గీత గీసి చూపించాలి అని ఒకటి. మచ్చ ఎంత కిందికి దిగుతుంది, బొడ్డు మళ్లీ కదపాలా అని ఇంకొకటి. అన్నిటికన్నా కింద, పెద్ద అక్షరాలతో: లోపల ఏమేం చేశారో అంతా కాగితం మీద రాసి ఇవ్వాలి.