సూపర్‌మ్యాన్ ఉత్తరంలో రెండో సగం

పోయినసారి పులిహోర పోపు గురించి రాశాను. ఈసారి సినిమా గురించి. అదీ తెలుగు సినిమా కాదు, 2025 జూలైలో వచ్చిన 'సూపర్‌మ్యాన్'. అరవై ఆరేళ్ళ మనిషికి ఇదేం పిచ్చి అనుకోకండి. సినిమా చూసిన రోజు మా మనవరాలితో మొదలైన వాదన చాలా రోజులు సాగింది. వాదన అంతా ఇంగ్లీషులో జరిగింది. తెలుగులో రాస్తే నా ఆలోచన నాకే తేటగా కనిపిస్తుందేమో అని ఈ ప్రయత్నం. తప్పులుంటే ఎప్పటిలాగే దిద్దండి.

మేముండేది ఒహాయోలో, క్లీవ్‌లాండ్ దగ్గర. సూపర్‌మ్యాన్ క్రిప్టాన్‌లో పుట్టాడని సినిమాలు చెబుతాయి కానీ, నిజానికి పుట్టింది మా ఊళ్ళోనే. జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు ఇక్కడ గ్లెన్‌విల్ అనే పేటలో హైస్కూల్లో స్నేహితులయ్యారు. ఒకతను కథ రాసేవాడు, ఇంకొకతను బొమ్మ గీసేవాడు. ఇద్దరివీ వేరే దేశాల నుంచి వలస వచ్చిన యూదు కుటుంబాలు. 1938లో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో సూపర్‌మ్యాన్ జనానికి కనిపించాడు. ఈ కొత్త సినిమాలో కొంత భాగం 2024 వేసవిలో మా క్లీవ్‌లాండ్‌లోనే తీశారు. తెర మీద మనకి తెలిసిన వీధి కనిపిస్తే ఎంత సంబరమో! నేను పక్కవాళ్ళకి వినపడేలా "అదిగో అదిగో" అన్నాను. మనవరాలు నా చెయ్యి నొక్కి ఊరుకోమంది.

ఇలాంటి సినిమాని రీబూట్ అంటారు. కంప్యూటర్ ఆపేసి మళ్ళీ మొదలుపెట్టినట్టు, పాత కథని పక్కన పెట్టి కొత్త నటులతో, కొత్త దర్శకుడితో మళ్ళీ మొదలుపెట్టడం. తెలుగులో దీనికి ఒక మాట కోసం వెతికాను, దొరకలేదు. కానీ ఆ పని మనకి కొత్త కాదు. రాముడి కథ రంగనాథ రామాయణంలో ఉంది, మొల్ల రాసింది, తర్వాత విశ్వనాథ సత్యనారాయణ గారు రాశారు. కథ అదే. చెప్పే మనిషి మారితే ఏదో ఒకటి మారుతుంది. వినేవాళ్ళు ఇది బాగుంది, అది బాగాలేదు అంటారు. సూపర్‌మ్యాన్‌ని కూడా మనవాళ్ళు వదల్లేదు. 1980లో ఎన్టీ రామారావు గారు 'సూపర్‌మ్యాన్' అనే తెలుగు సినిమాలో వేశారు. అందులో హీరోకి బలం వేరే గ్రహం నుంచి రాలేదు, ఆంజనేయస్వామి ఇచ్చాడు. ఈ మాట చెబితే మా మనవరాలు నమ్మలేదు. ఫోన్‌లో పోస్టర్ చూపించాల్సి వచ్చింది.

ముందు బాగున్నవి చెబుతాను. ఈ సినిమాకి దర్శకుడు జేమ్స్ గన్. సూపర్‌మ్యాన్‌గా డేవిడ్ కోరెన్‌స్వెట్ వేశాడు. క్రిప్టాన్ పేలిపోవడం, పసివాణ్ణి రాకెట్‌లో పంపించడం, ఇవన్నీ మళ్ళీ చూపించలేదు. అందరికీ తెలిసిన కథే కదా అని నాలుగు మాటలు తెర మీద వేసి వదిలేశాడు. మొదటి దృశ్యంలోనే సూపర్‌మ్యాన్ ఓడిపోయి మంచులో పడతాడు. క్రిప్టో అనే కుక్క వచ్చి అతన్ని ఇంటికి ఈడ్చుకుని వెళుతుంది. 2013లో వచ్చిన 'మ్యాన్ ఆఫ్ స్టీల్' చూసి నేను తలనొప్పితో ఇంటికి వచ్చాను. అందులో ఊరంతా కూలిపోతుంది, ఆ కింద ఎంతమంది ఉన్నారో ఎవరూ అడగరు. ఈ కొత్త సూపర్‌మ్యాన్ అంత పెద్ద పోరాటం మధ్యలో ఒక ఉడతని పట్టుకుని పక్కన దింపుతాడు. హాల్లో కొందరు నవ్వారు. నాకు కళ్ళు తడిశాయి. వారధి కట్టేటప్పుడు ఇసుక మోసిన ఉడత గురించి మా అమ్మ చెప్పేది. చిన్నవాళ్ళు చేసే చిన్న సాయాన్ని ఉడతాభక్తి అంటారు. గుడిలో నేను చేసేది కూడా అదే, శనివారం కూరలు తరగడం, ఆదివారం ప్రసాదం పొట్లాలు కట్టడం.

లోయిస్ అతన్ని ఇంటర్వ్యూ చేసే దృశ్యం కూడా నాకు నచ్చింది. ఒక దేశం ఇంకో దేశం మీదికి వెళుతుంటే ఇతను ఎవరినీ అడక్కుండా ఆపేశాడు. నిన్ను ఎవరు అడగమన్నారు, నువ్వు ఎవరి తరఫున వెళ్ళావు అని ఆమె గుచ్చి గుచ్చి అడుగుతుంది. అతనికి కోపం వస్తుంది. మంచి చేసినవాడు కూడా జవాబు చెప్పాలి అన్నమాట. మా గుడి కమిటీ వాళ్ళకి ఈ ఒక్క దృశ్యం చూపించాలని నాకు ఉంది.

ఇక బాగాలేనివి. మనుషులు ఎక్కువైపోయారు. గ్రీన్ లాంటర్న్, హాక్‌గర్ల్, మిస్టర్ టెరిఫిక్, మెటమార్ఫో, ఇంకా ఎవరెవరో. సంతర్పణలో ఒక ఆకులో ఇరవై కూరలు వడ్డించినట్టుంది, దేని రుచీ తెలియలేదు. ఇంకొకటి, మాలిక్ అనే ఫలాఫెల్ అమ్మే అతను. మొదట్లో కిందపడిన సూపర్‌మ్యాన్‌కి సాయం చేయడానికి వస్తాడు. తర్వాత లూథర్ అతన్ని సూపర్‌మ్యాన్ కళ్ళముందే కాల్చి చంపుతాడు. ఆ తర్వాత కథ పరుగెత్తుకుని వెళ్ళిపోతుంది. అతని కోసం ఇంకొంచెం సేపు ఆగి ఉండాల్సింది. వీటి మీద మనవరాలికీ నాకూ పెద్ద గొడవ లేదు.

గొడవంతా ఉత్తరం దగ్గర వచ్చింది. నిజానికి అది ఉత్తరం కాదు, కన్నతల్లిదండ్రులు క్రిప్టాన్ నుంచి వాళ్ళ భాషలో పంపిన సందేశం. దారిలో పాడైపోయి అతనికి సగమే మిగిలింది. నిన్ను ప్రేమిస్తున్నాం, అక్కడి మనుషులకి మంచి చెయ్యి అన్నట్టుగా ఉంటుంది ఆ సగం. దెబ్బ తగిలినప్పుడు రోబోలు అదే వినిపిస్తాయి, అతను ఊరట పొందుతాడు. తర్వాత లూథర్ మనుషులు పోయిన రెండో సగాన్ని బయటికి తీసి లోకానికి వినిపిస్తారు. అందులో ఏముందంటే, అక్కడి మనుషులు బలహీనులు, నువ్వు వాళ్ళని ఏలు, మాట విననివాళ్ళని తుడిచిపెట్టు, చాలామంది భార్యలని చేసుకుని మన వంశం నిలబెట్టు. అది దొంగ సందేశం అని నేను చివరిదాకా ఎదురుచూశాను. కాదు. నిజమే.

"ఇది అన్యాయం. 1978 సినిమాలో తండ్రి ఎంత గొప్పవాడు! కన్నవాళ్ళని ఇలా చెడ్డవాళ్ళని చేయడం దేనికి?" అన్నాను కారులో.

"అదే కదా అమ్మమ్మా ఈ సినిమాలో బాగున్నది," అంది మా మనవరాలు. దానికి పదిహేనేళ్ళు. "వాళ్ళు చెప్పారని కాదు, తనకి తోచి మంచివాడయ్యాడు. పెంచిన నాన్న కూడా అదే చెప్పాడు."

"అయితే కన్నవాళ్ళు అక్కర్లేదా?"

"నేను అలా అనలేదు. నీకు ఇంత కోపం ఎందుకు?"

జవాబు చెప్పలేదు. ఎందుకో నాకు తెలుసు. మీకు చెబుతాను.

నేను పెరిగింది ఖరగ్‌పూర్‌లో. నాన్నది రైల్వే ఉద్యోగం. బడిలో ఇంగ్లీషు, రెండో భాష హిందీ. తెలుగు ఇంట్లో మాట్లాడటమే, అక్షరాలు రావు. 1982లో అమెరికా వచ్చాక అమ్మ నాకు ఏరోగ్రామ్‌లు రాసేది. అమ్మకి తెలుగు తప్ప ఏ రాతా రాదు. మా ఆయన తెనాలిలో తెలుగు మీడియంలో చదువుకున్నారు. ఆయన చదివేవారు, నేను వినేదాన్ని. కాగితం దాచుకునేదాన్ని.

రెండేళ్ళ నుంచి అక్షరాలు నేర్చుకుంటున్నానని మీకు తెలుసు. ఈ వసంతకాలంలో అచ్చు పుస్తకం ధైర్యంగా చదవగలిగాక ఆ ఉత్తరాల పెట్టె తెరిచాను. చేతిరాత చదవడం వేరే చదువు అని అప్పుడు తెలిసింది. అమ్మ మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదలదు. ఎక్కడా చుక్క పెట్టదు. వత్తులు కింది వరుసలో కలిసిపోతాయి. ఒక్క ఉత్తరానికి నాలుగు రోజులు పట్టింది. అది 1985లో మా చిన్నమ్మాయి పుట్టినప్పుడు వచ్చింది.

మొదటి సగం నాకు గుర్తే. చెవుల్లో దూది పెట్టుకో, చన్నీళ్ళు ముట్టుకోకు, మంచు దేశంలో ఒంటరిగా ఎలా పడుతున్నావో తల్లీ. మా ఆయన అక్కడిదాకా చదివి, మిగతాది అందరి క్షేమం అడిగారు అని మడిచి ఇచ్చారు. ఇప్పుడు మిగతాది నేనే చదివాను. రెండోదీ ఆడపిల్లే అయిందని తెలిసి నాకు అన్నం సయించలేదు, ఇక్కడ అందరికీ ఏం చెప్పను, మూడోసారైనా మగపిల్లాడు పుట్టాలని సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకో, ఈ పిల్లని చూసి మురిసిపోకు. ఇదీ అమ్మ రాసింది. అమ్మ 1997లో పోయింది. అడగడానికి లేదు.

మా ఆయన్ని అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నీ ఒళ్ళో పది రోజుల పిల్ల ఉంది. ఏం చదవమంటావు?" అన్నారు.

సినిమాహాల్లో ఆ రెండో సగం వినపడినప్పుడు నా కడుపులో ఏదో తిరిగింది. నాకు కోపం వచ్చింది జేమ్స్ గన్ మీద కాదు.

ఆ శనివారం గుడి వంటింట్లో ఇద్దరం బీన్స్ తరుగుతుంటే మనవరాలికి చెప్పాను. ఆ ఉత్తరంలో ఉన్న పిల్ల వాళ్ళ అమ్మే. చెప్పకూడదేమో అని భయపడ్డాను. అది కత్తి పక్కన పెట్టి, "మొదటి సగం కూడా ఆవిడే రాసింది కదా అమ్మమ్మా," అంది.

అక్కడ నాకు సినిమాలో అసలు లోపం దొరికింది. ఆఖరి దృశ్యంలో దెబ్బలు తగిలిన సూపర్‌మ్యాన్‌కి రోబోలు కన్నవాళ్ళ సందేశం బదులు పెంచినవాళ్ళు తీసిన వీడియోలు వేస్తాయి. బాగుంది, నేనూ ఏడ్చాను. కానీ అతను ఆ మొదటి సగాన్ని మళ్ళీ ఎప్పుడైనా వింటాడా? కన్నవాళ్ళని మార్చి పెంచినవాళ్ళని పెట్టుకున్నట్టు ముగించారు. ప్రేమించిన నోరే చెడ్డమాట కూడా అంటే ఆ రెంటినీ పట్టుకుని ఎలా బతకాలి? ఆ ప్రశ్న అడిగి, జవాబు చెప్పకుండా పాట పెట్టేశారు. మనవరాలు ఒప్పుకోలేదు. "రెండు గంటల సినిమాలో అదొక్కటే కాదు కదా, కుక్క కూడా ఉండాలి," అంది. అదీ నిజమే.

తర్వాత నా వంతు వచ్చింది. మా చిన్నమ్మాయికి ఇప్పుడు నలభై ఏళ్ళు, తెలుగు చదవడం రాదు. అమ్మమ్మ ఉత్తరం చదివి వినిపించమని తనే అడిగింది. కూతురు చెప్పిందో ఏమో. నలభై ఏళ్ళ కింద మా ఆయన కూర్చున్న చోట ఇప్పుడు నేను కూర్చున్నాను. ఎక్కడ ఆపాలో నా చేతిలో ఉంది. ఆయన మీద ఉన్న కోపం ఆ నిమిషంలో కొంచెం తగ్గింది.

ఆపలేదు. తడుముకుంటూ మొత్తం చదివాను. రెండో సగంలో నా గొంతు పట్టేసింది. అమ్మాయి ఏమీ అనలేదు. కాసేపటికి ఆ నీలం కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "మొదటిది మళ్ళీ చదువు," అంది. చదివాను. చెవుల్లో దూది దగ్గర నవ్వింది. తర్వాత ఇంకేమీ మాట్లాడకుండా వెళ్ళి కాఫీ పెట్టింది.

మనం ఈ భాష నేర్చుకునేది పెద్దవాళ్ళ ప్రేమ వినడానికి అనుకుంటాం. నేనూ అందుకే మొదలుపెట్టాను. రెండో సగం కూడా చదవాల్సి వస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. అందుకని మీకు చెబుతున్నాను. అయినా అక్షరాలు నేర్చుకోవడం ఆపకండి. పెట్టెలో ఇంకా ముప్ఫై ఒక్క ఉత్తరాలు ఉన్నాయి. నేనూ ఆపను.

సినిమా చూడండి. ఉడత దగ్గర నవ్వితే మాత్రం నాకు చెప్పకండి. ఉంటాను.