చీకట్లో కెమెరా ఎవరి చేతిలో ఉంది?

దెయ్యం ఒక్కసారి కూడా కనపడని దెయ్యం సినిమా చూసి రాత్రంతా లైటు వేసుకుని పడుకున్నానంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. సినిమా పేరు ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’. 1999లో వచ్చింది. పాతికేళ్ళకు పైగా ప్రపంచమంతా చూసి, జడుసుకుని, దాన్ని చూసి ఇంకెన్నో సినిమాలు తీసుకున్నాక ఇప్పుడు నా కంటపడింది. ఆలస్యమైతే అయింది! అప్పట్నుంచీ ఈ ఫౌండ్ ఫుటేజ్ సినిమాలు, అంటే ఎక్కడో దొరికిన ఫుటేజి అన్నట్టు తీసేవి, ఏది దొరికితే అది చూస్తున్నాను. ఏలూరులో కనిపించిన ప్రతి స్నేహితుణ్ణీ ఆపి ఇదే చెబుతున్నాను. ఇవాళ మీ వంతు.

కథ ఇంతే. అమెరికాలో మేరీల్యాండ్ అడవుల్లో ఒక మంత్రగత్తె ఉందన్న పుకారు మీద డాక్యుమెంటరీ తీద్దామని 1994లో ముగ్గురు విద్యార్థులు వెళ్ళారు. తిరిగి రాలేదు. ఏడాది తర్వాత వాళ్ళు తీసిన ఫుటేజి దొరికింది. మొదట్లోనే రెండు ముక్కల్లో ఈ సంగతి చెప్పేసి, ఇక ఆ ఫుటేజినే మన ముందు పెడతారు. అంతా కల్పనే. కానీ తీసిన పద్ధతి వింటే నోరు తెరుచుకుంటుంది. దర్శకులు ఇద్దరు, డానియల్ మిరిక్, ఎడ్వర్డో శాంచెజ్. 1997 అక్టోబరులో ఎనిమిది రోజుల్లో షూటింగ్ ముగించారు. హెదర్ డొనహ్యూ, మైకేల్ (మైక్) విలియమ్స్, జాషువా లెనార్డ్ అనే ముగ్గురు నటులకే కెమెరాలిచ్చి అడవిలోకి పంపేశారు. పాత్రల పేర్లు కూడా వాళ్ళ సొంత పేర్లే. డైలాగులు రాసివ్వలేదు. ఆ రోజు ఏం జరగాలో చీటీల మీద రాసి, ఒకరి చీటీ ఒకరికి తెలియకుండా అందించేవారు. దారి చూపడానికి జీపీఎస్. రోజురోజుకీ తిండి తగ్గించారు. రాత్రిళ్ళు దర్శకులే చాటుగా వచ్చి పిల్లల గొంతులు రికార్డు చేసిన టేపు వినిపించి, గుడారాన్ని పట్టుకుని ఊపేసేవారు. తెర మీద మనకి కనిపించే ఆ నీరసం, ఆ విసుగు, ఒకళ్ళ మీద ఒకళ్ళు విరుచుకుపడటం చాలావరకు నిజంగా ఒంట్లోంచి వచ్చినవే. విడుదలకి ముందు ఆ ముగ్గురి ఫొటోలతో ‘కనబడుటలేదు’ పోస్టర్లు కూడా పంచారు. షూటింగ్‌కైన ఖర్చు కొన్ని పదివేల డాలర్లు. వసూళ్ళు దాదాపు 25 కోట్ల డాలర్లు.

చివరి ఘట్టం గురించి చెప్పకుండా ఉండలేను. చూడనివాళ్ళు ఈ పేరా వదిలేసి తర్వాత రండి. అర్ధరాత్రి, అడవిలో ఒక పాడుబడ్డ ఇల్లు. మైక్ దగ్గర వీడియో కెమెరా ఉంది, హెదర్ దగ్గర 16 ఎంఎం ఫిల్మ్ కెమెరా ఉంది. ఫిల్మ్ కెమెరాలో బొమ్మ పడుతుంది గానీ శబ్దం పడదు. శబ్దమంతా మైక్ చేతిలోని వీడియో కెమెరాదే. మైక్ కిందికి, నేలమాళిగలోకి పరుగెత్తాడు. అతని కెమెరా నేలమీద పడింది. హెదర్ కేకలు పెడుతూ పైనుంచి దిగుతోంది. ఇప్పుడు మనం చూస్తున్నది ఆమె కెమెరాలోంచి, వింటున్నది కింద పడి ఉన్న అతని కెమెరాలోంచి! ఆమె కళ్ళతో మనం మెట్లు దిగుతూంటాం, ఆమె కేక మాత్రం ఎక్కడో దూరాన వినిపిస్తుంది, దిగేకొద్దీ దగ్గరవుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఒళ్ళు జలదరించిందే తప్ప ఎందుకో తెలియలేదు. మళ్ళీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాక తెలిసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కిందికి వెళ్ళేసరికి మైక్ గోడ మూలకి మొహం తిప్పుకుని నిలబడి ఉంటాడు. కదలడు. సినిమా మొదట్లో ఊళ్ళోవాళ్ళ మాటల మధ్య ఒక సంగతి దొర్లిపోతుంది: పూర్వం ఆ ఊళ్ళో పిల్లల్ని చంపినవాడు, ఒకరిని చంపేటప్పుడు రెండోవారిని మూలకి తిరిగి నిలబడమనేవాడని. ఆ మాట మనకి గుర్తు రావాలి, అంతే. ఎవరూ గుర్తు చేయరు. హెదర్ కెమెరా కూడా కింద పడుతుంది. సినిమా అయిపోతుంది.

మనకి దెయ్యం సినిమా అంటే రామ్‌గోపాల్ వర్మ. ‘రాత్రి’ 1992లో వచ్చింది, ‘దెయ్యం’ 1996లో. ‘రాత్రి’లో స్టెడీక్యామ్ అటూ ఇటూ ఊగకుండా గాల్లో జారుతూ మనుషుల వెంట పడుతుంది. ఆ కెమెరాయే కంటికి కనపడని శక్తి చూపు. అంటే మనం దెయ్యం పక్షాన కూర్చుని కథానాయిక రేవతిని చూస్తూంటాం. ఆమె వెనక ఏముందో మనకి తెలుసు, ఆమెకి తెలియదు. భయం దాంట్లోంచే పుడుతుంది, అద్భుతంగా పుడుతుంది. ఆ సినిమా మీద నాకున్న ప్రేమ ఇప్పుడూ తగ్గలేదు. ఫౌండ్ ఫుటేజ్‌లో కెమెరా చేయి మారింది. ఇప్పుడది భయపడుతున్నవాడి చేతిలో ఉంది. వాడి చేయి వణికితే బొమ్మ వణుకుతుంది, వాడు వెనక్కి తిరగకపోతే మనకి వెనక ఏముందో తెలియదు. తెలిసి భయపడే సుఖం కూడా మనకి మిగల్చలేదు. పైగా నేపథ్య సంగీతం ఉండదు. వయొలిన్లు గీపెట్టగానే ఏదో వస్తోందని కళ్ళు మూసుకునే అలవాటు మనది. ఇక్కడ ముందుగా చెప్పేవాళ్ళు లేరు.

‘పారానార్మల్ యాక్టివిటీ’ ఇంకో దారి పట్టింది. ఓరెన్ పెలీ అనే ఆయన శాన్ డియేగోలో తన సొంత ఇంట్లో, ఏడు రోజుల్లో, సుమారు 15 వేల డాలర్లతో 2006లో తీశాడు. 2009లో థియేటర్లకి వచ్చి 19 కోట్ల డాలర్లకి పైగా రాబట్టింది. ఇందులో కెమెరా వణకదు. పడగ్గదిలో ట్రైపాడ్ మీద పెట్టేసి ఉంటుంది. ఎడమ వైపు తెరిచి ఉన్న తలుపు, దాని అవతల చీకటి నడవా. కుడి వైపు మంచం. మూలన గడియారం అంకెలు. ఏమీ జరగదు. ఏమీ జరగని ఆ బొమ్మలో మన కన్ను వెతకడం మొదలుపెడుతుంది: తలుపు కదిలిందా, ఆ నీడ ఇందాక ఉందా? గంటలు ఫాస్ట్ ఫార్వర్డ్‌లో పరుగెడుతూంటాయి. అంకెలు హఠాత్తుగా మామూలు వేగానికి వచ్చాయంటే గుండె జారిపోతుంది, ఎందుకంటే ఏదో జరగబోతోందని ఆ అంకెలే చెప్పేశాయి. ఒక రాత్రి ఆ ఇంట్లో ఉండే జంటలో కేటీ నిద్రలోంచి లేచి, మంచం పక్కన నిలబడి, నిద్రపోతున్న మీకాని గంటలకొద్దీ అలా చూస్తూ ఉంటుంది. రక్తం లేదు, కోరలు లేవు. నిలబడింది, అంతే! నాకైతే ఇంతకంటే భయంకరమైన దృశ్యం ఇంకొకటి తెలియదు.

దాని మూడో భాగం 2011లో వచ్చింది. అందులో కెమెరాని తిరిగే టేబుల్ ఫ్యాన్ అడుగు భాగానికి బిగిస్తారు. అటు వంటగది, ఇటు హాలు. ఎండాకాలం కరెంటు పోయి వచ్చే మన ఊళ్ళల్లో, ఫ్యాను మన వైపు ఎప్పుడు తిరుగుతుందా అని మంచం మీద ఎదురుచూసిన ప్రతివాడికీ ఆ వేగం ఒంటికి తెలుసు. తొందరపెడితే వినదు. పిల్లల్ని చూసుకునే అమ్మాయి వెనక దుప్పటి కప్పుకున్న ఆకారం నిలబడి ఉంది. కెమెరా నింపాదిగా అటు తిరిగిపోతుంది. మళ్ళీ ఇటు వచ్చేదాకా మనం ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలి. ఏడిపించడానికి ఇంత చవకైన, ఇంత గొప్ప యంత్రం ఇంకొకటి ఉంటుందా?

ఇవన్నీ నేను ఎక్కువగా చూసింది కొల్లేట్లో. కైకలూరు వైపు మా బావకి చేపల చెరువు ఉంది. గట్టు మీద రేకుల షెడ్డు, ఒక మంచం, ఒక బల్బు. రాత్రి కాపలాకి తోడు వెళ్ళి, ఫోన్లో సినిమా పెట్టుకునేవాణ్ణి. మధ్యలో చెరువు చుట్టూ ఒక తిరుగుడు తిరగాలి. టార్చి వేస్తే వెలుగు పడినంత మేర కిక్కిస, గుర్రపుడెక్క, నీళ్ళు. దాని పక్కన అడుగు దూరంలో ఏముందో తెలియదు. ‘ఛప్’ అని చప్పుడవుతుంది. చేపే అని తెలుసు. అయినా టార్చి అటు తిప్పేలోపు అక్కడ ఏమీ ఉండదు, నీటి మీద వలయం తప్ప. అప్పుడు నాకు ఈ సినిమాల కిటుకు చేతికి దొరికినట్టయింది. వెలుగు ఎంత చిన్నదైతే, దాని చుట్టూ చీకటి అంత మనది. దాన్ని నింపుకునేది మనమే. మా అమ్మమ్మ చెప్పిన కొరివి దెయ్యాలూ, లంకల్లో దూరంగా ఊగే దీపాలూ, చిన్నప్పటి పీడకలలూ అన్నీ పిలవకుండానే వచ్చి ఆ చీకట్లో కూర్చుంటాయి. ఎంత పెద్ద గ్రాఫిక్స్ కంపెనీ అయినా నా ఒక్కడి కోసం అంత సరిగ్గా కొలతలు తీసి దెయ్యాన్ని చేసిపెట్టలేదు.

ఏలూరు వాళ్ళకి ఇంకో సంగతి కూడా తెలుసు. 2020 డిసెంబరు 5 నుంచి మా ఊళ్ళో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. 600 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి. ఆ బాధని వినోదంతో ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు, అది ఎప్పటికీ కాకూడదు. కానీ ఆ వారం ఫోన్లలో తిరిగిన వీడియోలు నేను మరచిపోలేను. వణికే చేయి, సగం కోసుకుపోయిన బొమ్మ, ఏం జరుగుతోందో చెప్పే గొంతు లేదు. టీవీలో యాంకర్ ఎంత అరిచినా కలగని భయం ఆ వీడియోల వల్ల కలిగింది. మెరుగులు దిద్దని బొమ్మని కన్ను వెంటనే నమ్మేస్తుంది. ఫౌండ్ ఫుటేజ్ దర్శకులు పట్టుకున్నది ఆ నమ్మకాన్నే.

2020లోనే లాక్‌డౌన్ మధ్యలో బ్రిటన్‌లో రాబ్ శావేజ్ ‘హోస్ట్’ తీశాడు. సినిమా మొత్తం ఒక జూమ్ కాల్. గంటలోపే అయిపోతుంది. నటులు ఎవరి ఇంట్లో వాళ్ళుండి, ఎవరి కెమెరా వాళ్ళే నడుపుకున్నారు. కొడుకో కూతురో అమెరికాలో ఉన్న మన గోదావరి, కృష్ణా జిల్లాల ఇళ్ళలో వీడియో కాల్ నడిమధ్యన ఆగిపోయి మొహం బిగుసుకుపోతే ఆ ఒక్క క్షణం కడుపులో ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ఇక ఆస్ట్రేలియా సినిమా ‘లేక్ ముంగో’ (2008) గురించి ఎక్కువ చెప్పను. నీళ్ళలో మునిగి చనిపోయిన పిల్ల, ఇంట్లో కెమెరాలు పెట్టుకుని ఆమె కోసం వెతికే అమ్మానాన్నా తోడబుట్టినవాడూ, ఎండిపోయిన సరస్సులో రాత్రిపూట తీసిన ఒక ఫోన్ వీడియో. భయపడదామని కూర్చుంటే ఏడిపించేసింది. నేను చూసినవాటిలో నా ఓటు దీనికే.

అన్నీ ఇలాగే ఉంటాయని అనను. ప్రాణం పోతూంటే వీడు కెమెరా ఎందుకు వదలడు అన్న ప్రశ్నకి జవాబు లేని సినిమాలు బోలెడు. ఆ జవాబు ముందే చెప్పిన సినిమాలే నిలబడ్డాయి. స్పానిష్ ‘రెక్’ (2007)లో ఉన్నది టీవీ కార్యక్రమం తీసే బృందం కాబట్టి కెమెరా వదలరు. మన దేశంలోనూ ఈ పద్ధతిలో హిందీ ‘రాగిణి ఎంఎంఎస్’ 2011లో వచ్చింది. పక్కనే కన్నడంలో కె.ఎస్. అశోక 2013లో ‘6-5=2’ తీశాడు, ట్రెక్కింగ్‌కి వెళ్ళిన ఆరుగురు స్నేహితుల కథ. పెద్ద హీరో, పెద్ద సెట్టు లేకుండానే జనం చూశారు.

అందుకే తాడేపల్లిగూడెం నిట్‌లోనో, ఏలూరు కాలేజీల్లోనో చదువుకుంటూ ఫోన్ పట్టుకు తిరిగే కుర్రాళ్ళకి ఒక విన్నపం. మీ దగ్గర అన్నీ ఉన్నాయి. గూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది. ఆటపాకలో వందల గూడబాతులు ఒక్కసారి రెక్కలు విదిలిస్తే వచ్చే చప్పుడుంది. లంకల్లో తాటిదోనె మీద రాత్రి ప్రయాణం ఉంది, వేసవిలో నెర్రెలు విచ్చే కొల్లేరు ఉంది. ఇద్దరు ముగ్గురు చేరి తీయండి. మొదట్లోనో చివర్లోనో ఇది కల్పన అని స్పష్టంగా వేయండి, నిజమని వాట్సాప్‌లో వదిలి జనాన్ని బెదరగొట్టకండి. మిగతావాళ్ళు ఇవాళ రాత్రి ఇంటిల్లిపాదీ పడుకున్నాక లైట్లార్పి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ‘బ్లెయిర్ విచ్’తో మొదలుపెట్టండి. విసుగొచ్చినా ముందుకి జరపకండి. మొదటి అరగంట ఓపిక పట్టండి, చాలు.