బంగారు పుంజు కింద పదేళ్లు

కనుమ నాడు కాకైనా కదలదంటారు మా వైపు. పండక్కొచ్చిన అల్లుడైనా, ఆడపిల్లైనా ఆ రోజు దాటాకే ప్రయాణం పెట్టుకోవాలి. అలాంటిది ఈ కనుమకి నేను భీమవరంలో లేను. ఉత్తర లండన్‌లో, టోటెన్‌హామ్ హై రోడ్డు మీద, చేతులు కోటు జేబుల్లో దోపుకుని తల ఎత్తి చూస్తున్నాను. ఆకాశాన్ని సగం మూసేసిన స్టేడియం కప్పు అంచున, బంతి మీద కాళ్లు ఊనుకుని బంగారు రంగు కోడిపుంజు నిలబడి ఉంది.

"పుంజు లేని పండగ చెయ్యించలేదండి మావయ్యా మీ చేత" అన్నాడు మా మేనల్లుడు.

ఆ పుంజు ఎందుకుందో దారిలో వాడే చెప్పాడు. 1882లో ఇక్కడి బడిపిల్లలు కొందరు ఫుట్‌బాల్ జట్టు కట్టుకున్నారు. ఆ చుట్టుపక్కల భూములు ఒకప్పుడు పెర్సీ అనే ప్రభువుల కుటుంబానివి. ఆ వంశంలోని హ్యారీ హాట్‌స్పర్ అనే యోధుడి పేరు జట్టుకి పెట్టుకున్నారు. అలా అది టోటెన్‌హామ్ హాట్‌స్పర్ అయింది. స్పర్ అంటే రౌతు మడమకు కట్టుకునే ముల్లు. పందెం పుంజు కాలికి ఉండే ముల్లుకీ అదే మాట. అలా పుంజు ఈ క్లబ్బు గుర్తయింది. 1909లో ఈ జట్టు పాత ఆటగాడొకాయన రాగితో పుంజుని పోతపోసి అప్పటి స్టాండు మీద నిలబెట్టాడట. డేగ, కాకి, నెమలి అని రంగుని బట్టి పుంజు పేరు చెప్పే ఊరినుంచి వచ్చిన నాకు ఆ కథ పరాయిగా అనిపించలేదు.

కానీ నేను వచ్చింది పుంజు కోసం కాదు. సన్ హ్యుంగ్-మిన్ కోసం. ఇక్కడందరూ సానీ అని పిలుచుకునే కొరియా వింగర్. 2015 ఆగస్టు 28న జర్మనీలోని లెవర్‌కూసెన్ నుంచి ఈ క్లబ్బుకొచ్చాడు. మా వాడు చదువుకని లండన్‌లో దిగిందీ ఆ సెప్టెంబరులోనే. అప్పటినుంచి ఫోన్లో ఉద్యోగం సంగతి, వీసా సంగతి అయ్యాక మూడోది ఎప్పుడూ సానీ సంగతే. 2025 ఆగస్టులో ఒక రాత్రి ఫోన్ చేసి, "సానీ వెళ్లిపోయాడండి మావయ్యా" అని ఊరుకున్నాడు. ఇంట్లోంచి ఎవరో వెళ్లిపోతే వచ్చే గొంతు అది. ఒక ఆటగాడు జట్టు మారితే ఇంత దిగులెందుకో వాడి పక్కన నిలబడి చూడాలనిపించింది.

ముందుగా గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. హై రోడ్డు పక్కన ఇంటి గోడంతా సానీ బొమ్మ. గోల్ కొట్టాక రెండు చేతుల వేళ్లతో కెమెరా ఫ్రేములా కట్టి కంటి దగ్గర పెట్టుకునేవాడు, ఆ భంగిమ. దగ్గరికెళ్తే రంగు కిందనుంచి ఇటుకల అతుకులు కనబడుతున్నాయి. చలికి ముక్కులు ఎర్రబడిన నలుగురు కొరియా పిల్లలు వరసలో నిలబడి, ఒకరి తర్వాత ఒకరు అదే భంగిమ పెట్టి ఫోటో దిగుతున్నారు. ఫోటో అయ్యాక ఒకమ్మాయి వెంటనే కదల్లేదు. గోడ వైపు తిరిగి, తల కొద్దిగా వంచి, అప్పుడు పక్కకి తప్పుకుంది.

మా వాడు పలకరించాడు. లండన్‌కి నైరుతి కొసన ఉన్న న్యూ మాల్డెన్‌లో ఉంటుందట. ఇక్కడి కొరియా వాళ్లు ఎక్కువమంది కాపురముండేది అక్కడే. "మా అమ్మకి ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియదు. ఇక్కడ రాత్రి ఎనిమిదింటికి ఆట మొదలైతే అక్కడ తెల్లవారుజామున నాలుగో ఐదో. అయినా లేచేది. నేనిక్కడ ఒక్కదాన్నే ఉన్నాను కదా, అతను బాగుంటే నేనూ బాగున్నట్టు లెక్క ఆమెకి" అంది. బస్సులో, బడ్డీ కొట్లో ఎవరైనా ఏ దేశమని అడిగితే కొరియా అనగానే, ఓ, సానీ వాళ్ల దేశమా అనేవారట. ఆ ఒక్క మాటతో ఎదుటివాళ్ల మొహం మారేదట.

మా వాడు తల ఊపాడు. అతన్ని తిట్టినవాళ్లూ ఉన్నారు. 2023లో క్రిస్టల్ ప్యాలెస్‌తో ఆటలో సన్‌ని చూసి జాతి వెక్కిరింపు చేసిన ఒకతనికి కోర్టు మూడేళ్లు ఫుట్‌బాల్ మైదానాల్లో అడుగుపెట్టకుండా నిషేధం వేసింది. "అతనికే అలా జరిగితే మా సంగతేంటి అనుకున్నానండి ఆ రోజు. మరుసటి వారం అతను మళ్లీ నవ్వుతూ దిగాడు. నేనూ సోమవారం ఆఫీసుకి వెళ్లాను" అన్నాడు. పదేళ్లుగా రెండు రోజులకోసారి మాట్లాడుకుంటున్నా, వాడు నాకెప్పుడూ చెప్పని సంగతి అది.

స్టేడియం చూడ్డానికి టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లాం. అరవై రెండు వేల ఎనిమిది వందల యాభై సీట్లు. దక్షిణం వైపు ఒక్క గోడలా లేచిన స్టాండులోనే పదిహేడున్నర వేల మంది పడతారు. మా వాడి సీటు అందులోనే, గోల్‌కి కాస్త ఎడమగా. పచ్చిక మూడు ముక్కలుగా విడిపోయి స్టాండు కిందికి జరిగిపోతుందట, అడుగున అమెరికా వాళ్ల ఫుట్‌బాల్‌కి వేరే నేల ఉంటుందట. డ్రెస్సింగ్ రూములో సానీ తొడిగిన ఏడో నంబరు చొక్కా మీద ఇప్పుడు షావీ సిమన్స్ పేరు. మా వాడు ఆ చొక్కా ముందు ఒక్క క్షణం ఆగాడు, ఏమీ అనలేదు.

బయటికొచ్చి పచ్చిక అంచున నిలబడగానే వాడికి మాట వచ్చింది. 2019 ఏప్రిల్ 3న ఈ కొత్త మైదానంలో మొట్టమొదటి లీగు గోల్ కొట్టింది సానీయే. అదే ఏడాది డిసెంబరు 7న బర్న్‌లీ మీద కొట్టిన గోల్ గురించి చెబుతూ చెయ్యెత్తి చూపించాడు. "అదిగోండి, అక్కడ, మన పెనాల్టీ బాక్సు ముందు బంతి దొరికింది. ఎవరికైనా ఇద్దామని చూశాడు, ఎవరూ లేరు. ఇక పరుగే పరుగు." నేను కళ్లతోనే ఆ దూరం కొలిచాను. టీవీలో అది పన్నెండు సెకన్ల ముచ్చట. ఇక్కడ నిలబడి చూస్తే, మా ఊళ్లో ఒక చేను గట్టు ఈ కొసనుంచి ఆ కొసకి పరుగెత్తినంత. దారిలో ఎదురొచ్చిన వాళ్లందరినీ దాటుకుంటూ వెళ్లి, చివర్లో ఊపిరి బిగబట్టి బంతిని నింపాదిగా లోపలికి తోశాడు. దానికే ఏడాదిలో అత్యుత్తమ గోల్‌కిచ్చే పుష్కాస్ అవార్డు వచ్చింది.

ఎడమ వైపునుంచి లోపలికి కోసుకుని వచ్చి, బాక్సు మూలనుంచి బంతిని వంపు తిప్పి దూరపు స్తంభం లోపలికి పంపడం అతని సొత్తు. కుడి కాలితో ఎంత సుళువో ఎడమ కాలితోనూ అంతే. దాని వెనక ఒక తండ్రి ఉన్నాడు. సన్ వూంగ్-జంగ్, తనూ ఒకప్పుడు ఆటగాడే. చున్‌చియాన్‌లో కొడుకులిద్దరికీ తనే గురువు. అన్నదమ్ములు కొట్టుకుంటే శిక్షగా నాలుగు గంటలపాటు బంతి కింద పడకుండా కాలితో ఆడించమనేవాడట. 2021-22లో ఇరవై మూడు గోల్స్‌తో లివర్‌పూల్ ఆటగాడు మహమ్మద్ సలాతో కలిసి, అత్యధిక గోల్స్ కొట్టినవాళ్లకిచ్చే ప్రీమియర్ లీగ్ గోల్డెన్ బూట్ అందుకున్నప్పుడు, ఆ గోల్స్‌లో ఒక్కటీ పెనాల్టీ కాదు.

మధ్యాహ్నం ఎదురుగా ఉన్న పబ్బులో కూచున్నాం. మా వాడికి స్టాండులో వెనక సీటు పెద్దాయన అక్కడికొచ్చాడు. డెబ్బై దాటాయి. 1984 మేలో ఈ జట్టు తన పాత మైదానం వైట్ హార్ట్ లేన్‌లో ఆండర్‌లెక్ట్‌ని పెనాల్టీల్లో ఓడించి యూఈఎఫ్‌ఏ కప్పు గెలిచిన రాత్రి ఆయన అక్కడున్నాడు. 1973లో ఈ క్లబ్బు డిఫెండర్ సిరిల్ నోల్స్ మీద ఒక పాట వచ్చింది, నైస్ వన్ సిరిల్ అని. సిరిల్ 1991లో చనిపోయాడు. ఆ పాటలోనే సిరిల్ పేరు తీసి సానీ పేరు పెట్టి స్టాండంతా పాడింది. "ఆ పాటలో ఇంకో పేరు నా నోట పలుకుతుందనుకోలేదు. పలికింది. హాయిగానే పలికింది" అన్నాడు ఆయన.

నేను అడగదలుచుకున్నది అడిగాను. ఇంతకంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లు ఈ క్లబ్బులో నలుగురున్నారు కదా, ఇతనికే ఎందుకింత?

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. ముందు తన తప్పు చెప్పుకున్నాడు. చివరి సీజన్లో సానీ లీగులో ఏడు గోల్సే కొట్టాడు. కాలి వేగం తగ్గింది, ఎదుటివాణ్ని దాటలేకపోయేవాడు. "ఇక చాలించమని స్టాండులోంచి నేనూ అరిచాను. ఆ అరుపు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది" అన్నాడు. మొదటి ఏడాదీ అంతేనట. ఇంగ్లండ్ ఆట పట్టుబడక, 2016 వేసవిలో మళ్లీ జర్మనీ వెళ్లిపోదామనుకున్నాడు సానీ. అప్పటి మేనేజర్ పోచెటీనో నచ్చజెప్పి ఆపాడు. ఆ సెప్టెంబరుకే ప్రీమియర్ లీగ్ నెల ఉత్తమ ఆటగాడిగా ఎంపికై, ఆ గౌరవం అందుకున్న తొలి ఆసియా వాడయ్యాడు.

తర్వాతంతా గెలవబోయి ఓడిన కథే. 2019 జూన్ 1న మాడ్రిడ్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో లివర్‌పూల్ చేతిలో ఓటమి. 2021లో లీగ్ కప్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీ చేతిలో ఓటమి, మైదానంలోనే కన్నీళ్లు. ఆ రెండు ఓటముల మధ్య, 2020 ఫిబ్రవరిలో ఆస్టన్ విల్లాతో ఆట మొదట్లోనే చెయ్యి విరిగినా ఆపకుండా ఆడి రెండు గోల్స్ కొట్టాడు, రెండోది ఆఖరి నిమిషాల్లో. జట్టు స్ట్రైకర్ హ్యారీ కేన్, సానీ కలిసి ప్రీమియర్ లీగ్‌లో ఒకరికొకరు అందించుకుని కొట్టిన గోల్స్ నలభై ఏడు. అంత జోడీ ఆ లీగులో ఇంకోటి లేదు. ఆ కేన్ కూడా 2023 ఆగస్టులో బయర్న్ మ్యూనిక్ వెళ్లిపోయాడు. "అతన్ని నేను తప్పుపట్టను. కప్పు లేకుండా వయసు అయిపోతుంటే ఎవడైనా వెళ్తాడు. కానీ ఆ నెలలోనే కెప్టెన్ పట్టీ సానీ చేతికి కట్టారు. అతను ఉండిపోయాడు" అన్నాడు పెద్దాయన.

2025 మే 21. బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్, ఎదురుగా మాంచెస్టర్ యునైటెడ్. లీగులో మన జట్టు పదిహేడో స్థానంలో కొట్టుకుంటోంది. ఆ రాత్రి భీమవరంలో నేనూ మేలుకునే ఉన్నాను. ఆట మొదలయ్యేసరికి మాకు పన్నెండున్నర. నలభై రెండో నిమిషంలో మన బ్రెనన్ జాన్సన్ గోల్. కాలి గాయం నుంచి తేరుకుంటున్న సానీ బెంచీ మీదనుంచి అరవై ఏడో నిమిషంలో దిగాడు. ఎప్పటిలా ముందుకి పరుగెత్తి ఇంకో గోల్ కొడతాడని ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాను. అతను వెనక్కి పరుగెత్తుతున్నాడు. ఎడమ పక్క తన బాక్సు దాకా వచ్చి కాపలా కాస్తున్నాడు. ఆట అయిపోయిందో లేదో తెలియక మా వాడికి ఫోన్ చేస్తే, అటునుంచి ఏడుపు తప్ప మాట రాలేదు.

ఆ సంగతి చెబితే పెద్దాయన బల్ల మీద చెయ్యి వేశాడు. "అదే. మీరడిగినదానికి జవాబు అదే. వింగర్ అంటే ముందుకి పరుగెత్తేవాడు. పదేళ్లు అందుకే అతనికి చప్పట్లు కొట్టాం. కప్పు చేతికందే ఇరవై నిమిషాలూ అతను మన గోల్ వైపు పరుగెత్తాడు. తన పేరు ఎక్కడా పడదని తెలిసీ."

2008 లీగ్ కప్ తర్వాత ఈ క్లబ్బుకి అదే తొలి కప్పు. యూరప్ కప్పుల్లో అయితే 1984 తర్వాత అదే. నడుముకి కొరియా జెండా చుట్టుకుని, కెప్టెన్‌గా అతనే దాన్ని ఎత్తాడు. అప్పుడు బయల్దేరాడు. ఆగస్టు 3న సియోల్‌లో న్యూకాజిల్‌తో స్నేహపూర్వక ఆటలో చివరిసారి ఈ చొక్కా తొడుక్కున్నాడు. 65వ నిమిషంలో బయటికొస్తుంటే రెండు జట్ల ఆటగాళ్లూ రెండు వరసలుగా నిలబడి చప్పట్లు కొట్టారు. 454 ఆటలు, 173 గోల్స్. అక్కణ్నుంచి లాస్ ఏంజెలెస్ జట్టుకి.

ఈ గడ్డ మీద మాత్రం సెలవు తీసుకోవడం మిగిలిపోయింది. అందుకే డిసెంబరు 9న స్లావియా ప్రాగ్‌తో ఆట ముందు వచ్చాడు. మైదానం మధ్య నిలబడి అభిమానులతో మాట్లాడాడు. పాత కెప్టెన్ లెడ్లీ కింగ్ ఒక పుంజు బొమ్మ అతని చేతికిచ్చాడు. "మా ఇంట్లో అక్కయ్య అప్పగింతలప్పుడు మీరందరూ ఎలా నిలబడ్డారో, స్టేడియంలో ఉన్నవాళ్లందరూ అలాగే నిలబడ్డారండి" అన్నాడు మా వాడు.

ఐదింటికే చీకటి పడింది. తిరిగి స్టేషన్ వైపు నడుస్తుంటే మళ్లీ ఆ గోడ. పెద్దాయన మాకంటే నాలుగడుగులు ముందున్నాడు. ఆగలేదు, తల తిప్పలేదు. నడుస్తూనే చేతి గ్లౌజు తీసి, అరచేత్తో గోడని ఒకసారి తాకి, మళ్లీ గ్లౌజు తొడుక్కుని వెళ్లిపోయాడు. మా ఊళ్లో గుడి ముందునుంచి పోయే ముసలాయన గడపని తాకినట్టు.

రైల్లో మా వాడు కిటికీలోంచి చూస్తూ కూచున్నాడు. వాడితో నేనన్నది ఒక్కటే. పండక్కొచ్చినవాడు కనుమ దాటాకే కదలాలి నాన్నా. అతను కనుమ దాటాకే కదిలాడు.