పరీక్షార్థము పంపిన లేఖలు



కొంతకాలము క్రిందట గోదావరిఖనిలోని మా యింటి కంప్యూటరునే సర్వరుగా నమర్చి, మన పాఠశాలకొక వెబ్‌సైటును తయారుచేయుచుంటిని. బాలుడు బడికి రానిదినమున తండ్రికి ఈ-మెయిలు దానంతట అదియే పోవలెనని నా యుద్దేశము.

ఒక రాత్రి ముగ్గురు తండ్రుల నిజమైన చిరునామాలు వ్రాసి, "నేడు మీ కుమారుడు బడికి రాలేదు" అను వాక్యమును పంపి చూచితిని. ఏదియు చేరలేదు. మెయిలు సర్వర్లు ఒకదానికొకటి లేఖలందించుకొను ద్వారము 25వ పోర్టు. అక్కరలేని లేఖల బెడదచేత, ఇండ్లకు ఇంటర్నెట్టు నిచ్చు కంపెనీలు పెక్కు దానిని మూసియుంచును. తెరచియున్నను, ఇంటి కనెక్షను ఐ.పి. సంఖ్య తరచు మారునది గనుక పెద్ద సర్వర్లు దానిని నమ్మవు.

మూడవనాటి ఉదయమున, బడికి పోవుటకు ముందు, నా మెయిలు ఖాతాద్వారా 587వ పోర్టున లేఖలు పోవునట్లు మార్చితిని. నాకు నేను వ్రాసికొన్న లేఖ క్షణములో వచ్చెను. సంతోషించితిని. కాని పోస్టుఫిక్సు అను ప్రోగ్రాము చేరని లేఖలను పారవేయక, మామూలుగా 5 దినములవరకు వరుసలోనుంచి మరల మరల ప్రయత్నించునను సంగతి మరచితిని. దారి దొరకగనే ఆ మూడు లేఖలును బయలుదేరెను.

బొగ్గుగనిలోనికి ఫోను కొనిపోరాదు. మొదటి షిఫ్టు ముగించి పైకివచ్చిన ఒక తండ్రి దానిని చదివి, స్నానమైన చేయక, బొగ్గుమసితోనే బడి గేటువద్దకు పరుగెత్తుకొని వచ్చెను. లేఖపై మొన్నటి తేదీ యున్నను, తల్లడిల్లు కన్ను దానిని చూచునా?

"సారూ, మా పిలగాడు బడికి రాలేదంట! యాడికి పోయిండు?"

పిలగాడు తరగతిలో లెక్క చేసికొనుచుండెను. నా తప్పును ఒప్పుకొంటిని. అతడు మెట్టుపై కూలబడి, కొంత తడవునకు, "పోనీ సారూ, పిలగాడు కండ్లముందున్నడు, చాలు" అనెను. ఆ క్షమకు నేను తలవంచితిని.

గనిలోనికి దిగువారు తమ దీపమును పైననే, లాంపురూములోనే చూచుకొందురు గాని, చీకటిలోనికి దిగినపిమ్మట కాదు. 1971లో మొదటి నెట్‌వర్కు మెయిలును పంపిన రే టామ్లిన్సన్ సహితము, ఒక గదిలో ప్రక్కప్రక్కనున్న రెండు యంత్రములమధ్య తన పరీక్షలేఖలను తనకే పంపుకొనెను. ఎవరికిని చెందకుండ, ఇట్టి పరీక్షలకును ఉదాహరణలకును ".టెస్టు", "ఎగ్జాంపుల్.కామ్" వంటి పేర్లు 1999లోనే ప్రత్యేకింపబడినవి. లేఖలను బయటికి పోనీయక మన యంత్రముననే పట్టియుంచి చూపు మెయిల్‌పిట్ వంటి ప్రోగ్రాములును కలవు. ఇప్పుడు నేను వానినే వాడుచున్నాను.

బాలురారా, వ్రాయువానికి అది పరీక్షయే. చదువువానికి అది సత్యము. ఈ భేదమును మరువకుడి.