నింగినుండి ధూళి లెక్క

వేసవిలో మా కళాశాల మేడనుండి చూచినచో దూరపు గుట్టలు మసకలో కలిసిపోవును. ఇట్టి మసకను, 1999 డిసెంబరులో పంపిన టెర్రా ఉపగ్రహములోని మోడిస్ పరికరము 705 కిలోమీటర్ల ఎత్తునుండి కొలిచినదని చదివి అబ్బురపడితిమి.

ధూళి, పొగ కణములు సూర్యకాంతిని చెదరగొట్టును. చిక్కని అడవిపై, సముద్రముపై ఆ చెదిరిన వెలుగు స్పష్టముగ తెలియును. ఎడారి ఇసుక తానే మెరయుటచే అచ్చట చిక్కు. అందులకు శాస్త్రజ్ఞులు నీలికాంతిని ఆశ్రయించిరి. ఆ వర్ణమున ఇసుక నల్లబడి కనిపించును! ఈ యుక్తి మాకు మిక్కిలి నచ్చినది.

అయినను ఉపగ్రహము తెలుపునది నేలనుండి నింగివరకు గల కణములన్నిటి మొత్తము ప్రభావమే. మబ్బు పట్టిన చోట అదియు లేదు. నేలపై సూర్యుని వంక గురిపెట్టిన కాంతిమాపకములతో ఆ లెక్కను సరిచూతురు. బాటప్రక్క బండిపై ఉదయమునుండి రాత్రివరకు పండ్లమ్మువాని ఊపిరిలోనికి ఎంత చేరుచున్నదో తెలియవలెనన్న, వాని చెంతనే గాలిని వడగట్టి తూచు పరికరమును నిలుపవలసినదే.