దుమ్ము పీల్చు యంత్రముల కొలువు

ఒహాయో రాష్ట్రమునందలి నార్త్ కాంటన్ 1918 వరకు న్యూ బెర్లిన్ అను పేరుతో వ్యవహరింపబడిన చిన్న పట్టణము. ప్రథమ ప్రపంచయుద్ధకాలమున జర్మను నామములపట్ల అమెరికాలో ప్రబలిన వైముఖ్యముచేత ఆ పేరు మారినది. అచ్చట తోళ్లు ఊనుచు, గుఱ్ఱపు జీనులు కుట్టించుచు జీవించిన హూవర్ కుటుంబమువారి పాత యింటిని 1978లో వాక్యూమ్ క్లీనర్ల ప్రదర్శనశాలగా మార్చిరి. 2004లో అది వాల్ష్ విశ్వవిద్యాలయము పరమైనది. ఆ ప్రాంతమున ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు, "మామయ్యా, చీపురుకు పట్టాభిషేకం చేసిన ఊరు చూపిస్తాను రండి" అని పరిహాసముగా పిలువగా, అతనివెంట వెళ్లితిని.

ఆ కొలువులో ప్రథమ తాంబూలము, నా దృష్టిలో, యజమానియైన హూవరునకు గాక, జేమ్స్ మర్రే స్పాంగ్లర్ అను ఊడ్చువానికి చెందవలెను. కాంటన్‌లోని ఒక పెద్ద దుకాణభవనమున తివాచీలు శుభ్రము చేయుచు, ఉబ్బసముచేత ఆ ధూళికి తాళలేక, ఆతడు 1907లో ఒక విద్యుత్ పంకా మోటారును రేకుపెట్టెలో బిగించి, చీపురుకర్రను పిడిగాను, దిండు గలీబును దుమ్ముసంచిగాను అమర్చుకొనెను. 1908 జూను 2న పేటెంటు లభించినది గాని, ఉత్పత్తికి వలసిన ధనము లభింపలేదు. ఆ యంత్రమును వాడిచూచిన సూసన్ హూవర్ తన భర్తకు చెప్పుటయు, మోటారుకార్ల రాకతో జీనుల వ్యాపారము సన్నగిల్లునని గ్రహించిన ఆ తోళ్లవర్తకుడు హక్కులను కొనుటయు వెంటవెంటనే జరిగినవి. పదిదినములు ఉచితముగా వాడిచూడుడని పత్రికలలో ప్రకటించి ఆతడు దేశమంతట గిరాకీ సంపాదించెను. స్పాంగ్లర్ 1915లో గతించెను. యంత్రముపై పేరు మాత్రము హూవరుదే నిలిచినది.

అద్దాల వెనుక నిలిపిన ఈ వస్తువులకంటె నన్ను అధికముగా ఆకర్షించినది, అటుపిమ్మట మేము చూచిన ఒక సంగ్రాహకుని నేలమాళిగ. ఆయన పదవీవిరమణ చేసిన విద్యుత్ పనివాడు. గోడపొడుగున బల్లలపై స్లెడ్జి బండివలె రెండు పట్టాలపై జారు 1937 నాటి ఎలక్ట్రోలక్స్ ముప్పదవ నమూనా, తాను వదలు గాలిపైనే తేలియాడు గోళాకారపు హూవర్ కాన్‌స్టెలేషన్, ఇంకను పేరు తెలియని పలు యంత్రములు కొలువుదీరియుండెను. మధ్యబల్లపై హెన్రీ డ్రైఫస్ రూపకల్పన చేసిన 1936 నాటి హూవర్ 150 విప్పియుంచబడెను.

ఆయన మోటారులో తిరుగు భాగమైన ఆర్మేచరును వెలికిదీసి దీపమునకెదురుగా త్రిప్పగా, కమ్యుటేటరు రాగిపట్టీలపై కాటుకవలె పేరుకొన్న బొగ్గుపొడి కనిపించినది. సన్నని గరుకుకాగితముతో దానిని తుడిచి, పట్టీలమధ్య సందులలో ఇరుకుకొన్న మసిని మొనదేలిన పనిముట్టుతో గీకి, అరిగిన కార్బన్ బ్రష్షులను మార్చి, బేరింగులలో లక్కవలె గడ్డకట్టిన పాత గ్రీజును కడిగి క్రొత్తది నింపెను. గోధుమవన్నెకు తిరిగిన బేకలైటు మూతకు మెరుగుపెట్టు ముద్దను పూసి, గుడ్డతో ఓపికగా రుద్దుచుండగా పాత నిగ్గు మెల్లమెల్లగా తిరిగివచ్చినది. "ఇది కట్టినవాడు దీన్ని మళ్లీ విప్పవలసివస్తుందని ముందే అనుకున్నాడండీ, ప్రతి మరా చేతికి అందుతుంది" అని ఆయన చెప్పినది మా మేనల్లుడు నాకు తెనిగించెను. మన ఇండ్లలో నాపరాళ్లకు, గచ్చుకు చీపురును తడిగుడ్డయు చాలును గాని, గోడనుండి గోడవరకు తివాచీ పరచుకొను ఆ శీతలదేశమున ఇసుక పోగులలోనికి దిగిపోవును. దానిని తట్టి పైకి లేపు కడ్డీలను 1926లో హూవరువారు యంత్రపు తిరుగు బ్రష్షునకు చేర్చుటకు కారణమిదియే.

ఇట్టి పాత యంత్రములను సేకరించు అభిరుచిపరులలో ఒక వాదమున్నది. అల్యూమినియము భాగములను సానచక్రముపై పట్టి, కర్మాగారమునుండి వెలువడిన నాడు సైతము లేని మెరుపును తెచ్చువారు కొందరు. వాడినవారి చేతిగుర్తులను, పిడియొద్ద అరిగిన రంగును అటులనే యుంచి, యంత్రమును మాత్రమే నడపించువారు మరికొందరు. మా ఆతిథేయి రెండవ పక్షమువాడు. నేనును ఆ పక్షమే. మితిమీరిన మెరుగు చరిత్రను తుడిచివేయునని నా అభిప్రాయము.

పాఠకులలో ఎవరి యింటి అటకమీదనైనను విదేశములనుండి బంధువులు తెచ్చిన పాత యంత్రమున్నచో, ఇనుపసామానువానికి తూచి వేయకముందు దాని రేకుపై వోల్టులెన్నియో చదువుడు. 110 అని యున్నచో మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టవలదు; ట్రాన్స్‌ఫార్మరు వలయును. తీగపై రబ్బరు పెళుసెక్కి పగిలినచో దానిని మార్పించిన పిమ్మటనే మీట నొక్కుడు.