సెన్సార్ చెప్పింది, ఒళ్లు చెప్పలేదు

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైన బండ్లపల్లి అనంతపురం జిల్లా నార్పల మండలంలో ఉంది. ఆ మండలంలోనే మరో పల్లెకు మే నెలలో వెళ్లాను. ఇన్సులిన్ మీద ఉన్న ఒక పెద్దాయనకు బెంగళూరులోని కొడుకు సుగరు సెన్సార్ పెట్టించాడని విని, ఈ ఎండల్లో అదెలా పనిచేస్తుందో చూద్దామనిపించింది.

ఆయన అప్పుడే ఉపాధి పని నుంచి వచ్చాడు. చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. జబ్బ వెనక చిన్న తెల్ల బిళ్ల, దాని మీద అడ్డంగా ప్లాస్టరు. "చెమటకు నిలవదు నాయనా, అందుకే ఏసుకుంటి" అన్నాడు.

ఆ బిళ్ల కింద వెంట్రుకంత సన్నని తీగ చర్మంలోకి దిగి ఉంటుంది. అది చూసేది నెత్తురును కాదు, కణాల మధ్య ఉండే ద్రవాన్ని. నెత్తురులో చక్కెర మారితే అక్కడ తెలియడానికి 5 నుంచి 15 నిమిషాలు పడుతుంది. ఇంట్లో కూర్చున్నవాళ్లకు ఆ ఆలస్యంతో పెద్ద ఇబ్బంది లేదు. ఇన్సులిన్ వేసుకుని కందకాలు తవ్వేవాళ్లకు చక్కెర చకచకా పడిపోతుంది. ఫోనులో 85 కనిపిస్తున్నప్పుడే నెత్తురులో 60 ఉండొచ్చు. ఒంట్లో నీరు బాగా తగ్గినా అంకె తప్పొచ్చని తయారీదారులే చెబుతారు. అనంతపురం వేసవిలో కూలిపని చేసేవాళ్లకు ఇంతకంటే ముఖ్యమైన హెచ్చరిక లేదు.

ఆయన భార్య చెప్పింది విన్నాక నాకు భయం వేసింది. ఒక రాత్రి ఫోను మోగింది, 54 అని. కొడుకు కూడా అది చూసి, చక్కెర నీళ్లు తాపమని ఫోన్ చేశాడు. "వణుకు లేదు, చెమట లేదు, కమ్మగా నిద్రపోతాండాడు. మిషను చెప్తాంది కదా అని లేపి రెండుసార్లు తాపితి" అందామె. తెల్లారి విలేజ్ హెల్త్ క్లినిక్‌లో వేలు గుచ్చి చూస్తే 290. సెన్సార్ ఉన్న చేతి మీదే ఒత్తిగిలి పడుకుంటే అక్కడ ఒత్తిడికి అంకె ఉత్తుత్తినే పడిపోతుంది. ఆ రాత్రి జరిగింది అదేనని నా నమ్మకం. ఈ సంగతి వాళ్లకు ముందుగా ఎవరూ చెప్పలేదు. కొన్ని రకాల సెన్సార్లలో రోజుకు 500 మిల్లీగ్రాములు మించిన విటమిన్ సి అంకెను పెంచి చూపిస్తుంది. అప్పుడు నిజంగా చక్కెర పడిపోయినా తెలియదు. ఆ మాటా చెప్పలేదు.

మేలు లేదని అనను. సంగటి, ఊరిబిండి తిన్నాక అంకె ఎక్కడికి ఎగబాకుతుందో కళ్లారా చూసి ఆయన ముద్ద సగం చేసుకున్నాడు. కానీ పధ్నాలుగు రోజులకే అయిపోయే ఆ బిళ్ల ఖరీదు నాలుగు వేల పైమాట. ఉపాధి కూలి రోజుకు మూడొందల చిల్లర. మరో బిళ్ల రేకుల ఇంట్లో గూట్లో ఉంది. దాన్ని 30 డిగ్రీలు దాటని చోట ఉంచాలి.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు సెన్సార్ పంపే పిల్లలకు నా మనవి: దానితో పాటు గ్లూకోమీటరు, సరిపడా స్ట్రిప్పులు కూడా పంపండి. అంకె ఒకటి చెప్పి ఒళ్లు ఇంకొకటి చెబితే వేలు గుచ్చి చూడమనండి. కళ్లు తిరిగి, వణుకు పుడితే మాత్రం ఫోనులో ఏమున్నా ముందు చక్కెర నోట్లో వేసుకోమనండి.